చేతులు మారని నాణెం

నా భార్య ముఖాన్ని వెండి బిళ్ళ మీద రంగుల్లో అచ్చు వేయిస్తానని నా బావమరిది చెప్పినప్పుడు నేను అతనికి టీ కలుపుతున్నాను. చెంచా గిన్నెలోనే వదిలేసి వెనక్కి తిరిగాను.

"వద్దు," అన్నాను.

"నువ్వింకా చూడలేదు కదా బావా."

"చూడక్కర్లేదు."

"అక్క సంస్మరణ సభకి వచ్చినవాళ్ళందరికీ తలా ఒకటి ఇద్దామని. వెండి బావా. పూత కాదు, అసలు వెండి. చుట్టూ అక్షరాలు, మధ్యలో అక్క, వెనకాల అంకె. గుండ్రటి గాజు డిప్పలో పెట్టి, సర్టిఫికెట్టుతో సహా. ఒకటో నంబరుది నీకే."

"అంకె దేనికి?"

"నాణెం అన్నాక అంకె ఉండాలి కదా. ఒకటి అని వేయిస్తున్నాను."

"ఒకటి ఏమిటి?"

అతను కాసేపు ఆలోచించాడు. "ఏదో ఒకటి," అన్నాడు.

టీ ఇచ్చాను. తాగి, కప్పు కడిగి బోర్లించి వెళ్ళాడు. అక్క ఉన్నప్పుడు ఎన్నడూ కప్పు కడగలేదు. ఆమె పోయి అప్పటికి నెల దాటింది. మా ఇద్దరికీ ఇంకా ఒకరి ముందు ఒకరు ఎలా కూర్చోవాలో తెలియడం లేదు.

అతని దుకాణం బట్టల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లోపల నీలం మఖమలు పరిచిన అద్దాల బల్లలు, పట్టపగలు కూడా వెలిగే బల్బులు. ఆ మఖమలు మీద అతను అమ్మేవి ఉంటాయి. రెక్కల్లో రాళ్ళు పొదిగిన సీతాకోకచిలుక, గిటారు ఆకారంలో ఒకటి, గోరుతో గీరితే కాఫీ వాసన వచ్చేది ఒకటి, దీపం ఆర్పితే ఆకుపచ్చగా వెలిగే రాక్షసబల్లి ఎముకలు. ప్రతిదాని వెనకా ఎవరో ఒక రాజు గారి తలో, రాణి గారి తలో ఉంటుంది. ఏదో సముద్రం మధ్య చిన్న దీవి పేరు ఉంటుంది. అక్కడ ఇది చెల్లుతుందని సర్టిఫికెట్టు చెబుతుంది. ఆ దీవిలో ఎవరైనా వెలిగే రాక్షసబల్లిని ఇచ్చి ఉల్లిపాయలు కొన్నారా అని అడిగితే నా బావమరిది నొచ్చుకుంటాడు.

ఊళ్ళో నాణేలు సేకరించేవాళ్ళ సంఘంలో అతన్ని తళుకు అంటారు. అతనికీ తెలుసు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత దుకాణం సంచుల మీద అదే పేరు అచ్చు వేయించుకున్నాడు. అవమానాన్ని కూడా డబ్బాలో పెట్టి అమ్మగల మనిషి.

నేను బడిలో పిల్లలకి భాష చెబుతాను. అతను అమ్మేవాటిని నేను నాణేలు అనను, బిళ్ళలు అంటాను. నాణెం అనేది ఒక పని కోసం పుడుతుంది. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్ళి, దారిలో ఏదో ఒకటి కొనిపెట్టి, అరిగిపోతుంది. ఈ బిళ్ళలు పుట్టడమే గాజు డిప్పలో పుడతాయి. తమ మీద ఉన్న అంకెకి ఎన్నో రెట్లు పెట్టి ఎవరో కొంటారు, మళ్ళీ అమ్మబోతే వెండి తూకానికి తప్ప ఎవరూ అడగరు. సంఘంలో కొందరు వీటిని వెనకేసుకొస్తారు. పిల్లలకి రంగులు చూపిస్తే మెల్లగా అసలైన వాటి వైపు వస్తారట. ప్లాస్టిక్ పళ్ళు కొరికించి తోటపని నేర్పిస్తామన్నట్టు ఉంటుంది ఆ మాట.

ఇదంతా నా సొంత జ్ఞానం కాదు. నా భార్య దగ్గర నేర్చుకున్నది.

ఆమె బస్సు డిపోలో పాసులిచ్చే కిటికీ వెనక కూర్చునేది. సంఘంలో ఆమె పేరు కౌంటరమ్మ. ఆమె దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది, దానికి ఒకే రూలు. కిటికీ లోంచి ఎవరో ఏదో కొనడానికి ఇచ్చిన నాణెమే అందులోకి వెళ్ళాలి. నచ్చింది కనిపిస్తే తన పర్సులోంచి దానికి బదులు గల్లాపెట్టెలో వేసి తీసుకునేది. వేలంలో కొన్నదీ బహుమతిగా వచ్చిందీ ఏదీ ఆ డబ్బాలోకి చేరలేదు. అరిగి అరిగి బొమ్మ ఏ వైపో తెలియనివి, ఎవరో మేకుతో చిల్లు పొడిచినవి, రైలు పట్టాల మీద పెట్టి సాగదీసినవి, టంకశాలలో తప్పు పడి బొమ్మ అంచుకి జారిపోయినవి. సాయంత్రం ఇంటికి రాగానే ముందు చెప్పులు విప్పేది కాదు, పర్సు విప్పేది. "ఏమండీ, ఇది చూడండి, ఎంతమంది జేబుల్లో తిరిగొచ్చిందో," అనేది.

తమ్ముడు కొత్త సరుకు తెచ్చినప్పుడల్లా ఆమెకే ముందు చూపించేవాడు. ఎందుకో తెలియదు. తిట్లు తినడానికే వచ్చేవాడేమో.

"దీంతో ఇంతవరకు ఏం కొన్నార్రా?" అని అడిగేది.

"ఇది ఖర్చుపెట్టేది కాదక్కా."

"ఒక్కరోజు కూడా పనిలోకి వెళ్ళనిదానికి పట్టుపరుపు ఎందుకురా మరి?"

"అందం అక్కా. అందం చూడవా?"

"చూశా. కాఫీ వాసన కూడా చూశా. కాఫీ ఉంటే ఇంకా బాగుండేది."

ఆమె మెడలో నల్లదారంతో ఒక భూతద్దం వేలాడేది. వాళ్ళ నాన్నది. తమ్ముడికి దాని మీద చిన్నప్పటినుంచీ కన్ను. అడిగినప్పుడల్లా, "నీ సరుకు ఆమడ దూరం నుంచే మెరుస్తుంది, నీకెందుకురా భూతద్దం?" అనేది. అతను నవ్వేవాడు కానీ అడగడం మానలేదు.

ఇప్పుడు ఆ మనిషి ముఖాన్ని డిప్పలో పెడతానంటున్నాడు.

రెండోసారి వచ్చినప్పుడు ఫొటో అడిగాడు. ఇవ్వలేదు. నిజానికి ఇవ్వడానికి మా ఇంట్లో పెద్దగా లేవు. ఆమె ఫొటో అంటే పక్కకి జరిగిపోయే మనిషి. ఎవరైనా తీసి చూపిస్తే, "ఇదెవరో నా చెల్లెల్లా ఉంది, నేను కాదు," అనేది. తమ్ముడు వాదించేవాడు, "అచ్చం నువ్వేనక్కా." "నేనెలా ఉంటానో నాకు తెలియదా?" అని ఫోను తిరిగి ఇచ్చేసేది. మేమిద్దరం దాన్ని ఆడవాళ్ళ మురిపెం కింద జమ కట్టి నవ్వుకునేవాళ్ళం.

"పోన్లే బావా, నా ఫోన్లో ఒకటుంది," అన్నాడు. దుకాణం తెరిచిన రోజు తీసింది. గిటారు బిళ్ళని చూసి ఆమె నవ్వుతున్నప్పటిది. ఆ నవ్వు దేనికో ఆ ఫొటోలో తెలియదు. నాకు తెలుసు.

బడి అయ్యాక డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పళ్ళ డాక్టరు, సంఘానికి అధ్యక్షుడు. సంఘం గది ఆయన క్లినిక్ మీదనే. నేను వెళ్ళేసరికి ఆయన ఆఖరి మనిషిని పంపించి, పనిముట్లు మరిగే నీళ్ళలో వేస్తున్నారు.

"మీరు అధ్యక్షులు. సభలో ఆ బిళ్ళలు పంచడానికి వీల్లేదని మీరు చెప్పండి," అన్నాను.

"కూర్చోండి మాస్టారూ. ఆ కుర్చీ వద్దు, అందులో కూర్చుంటే నాకు నోరు చూడబుద్ధేస్తుంది."

పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"ఏడవడం చేతకాక వెండి పోయించాడు. పోనివ్వండి," అన్నారు.

"ఆమెకి అవంటే ఎంత చులకనో మీకు తెలుసు."

"ఎందుకు తెలియదు. నేను ఒకసారి అతని దగ్గర పిల్లనగ్రోవి ఆకారంది కొంటే, వాయించి చూపించమంది." ఆయన చేతులు తుడుచుకున్నారు. "కానీ ఒక సంగతి. వద్దని నేనంటే పైకి ఊరుకుంటాడు. తర్వాత అవి ఎక్కడికి పోతాయి? దుకాణానికి. మఖమలు మీదకి. రాక్షసబల్లి పక్కన."

ఆ మాట నేను ఆలోచించలేదు. మెట్లు దిగుతుంటే అది వెంట వచ్చింది. గాజు బల్లలో ధర చీటీతో ఆమె, పక్కన వెలిగే ఎముకలు, మందుల షాపుకి వచ్చినవాళ్ళు తొంగి చూసి పోవడం. అంతకుముందు అవి పంచకుండా ఉంటే చాలనుకున్నాను. ఇప్పుడు అసలు ఆ బిళ్ళలే ఉండకూడదు అనిపించింది. కరిగించెయ్యాలి, ఒక్కటి కూడా మిగలకూడదు.

ఆ రాత్రే ఫోను చేసి, అవి సభలో కనిపిస్తే నేను రాను అని చెప్పాను. నేను లేకుండా సభ ఎలా జరుగుతుందో అతనికి అర్థం కాలేదు. "ఆర్డరు ఇచ్చేశాను బావా, అచ్చు పడుతున్నాయి," అన్నాడు. మంచిది అని పెట్టేశాను.

సభకి ముందురోజు సాయంత్రం అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. టీ ఇచ్చాను.

"పంచేది లేనిది తర్వాత మాట్లాడదాం. ఒక్కసారి చూడు. చూసి తిట్టు. చూడకుండా తిడితే నాకు ఆనదు బావా."

భోజనాల బల్ల మీద గుడ్డ పరిచాడు. జేబులోంచి తెల్ల నూలు చేతొడుగులు తీసి తొడుక్కున్నాడు. వాళ్ళ వ్యాపారంలో అదొక తంతు. మెరుపు అచ్చు మీద వేలు పడితే పోయింది, ఆ ముద్ర వెండిలోకి దిగి నల్లబడుతుంది, ధర సగమవుతుంది. అందుకని పసిపిల్లని పట్టుకున్నట్టు అంచులు పట్టుకుంటారు. ఎవరి చెయ్యీ తగలకపోవడమే దాని గొప్ప. ఎన్నో చేతులు తగలడమే ఆమె డబ్బాలోవాటి గొప్ప. ఇంత చిన్న సంగతి ఇతనికి ఎన్నేళ్ళు చెప్పినా ఎక్కలేదు.

డిప్పతో సహా నా ముందు పెట్టాడు.

చూశాను. అద్దంలాంటి వెండి మీద రంగుల్లో ఆమె తల. చుట్టూ ఆమె పేరు, కింద రెండు సంవత్సరాలు, అక్షరాల్లో తప్పు లేదు. నవ్వు ఆమెదే. కానీ ఎవరో వేరే మనిషి ఆ నవ్వుని అడిగి తెచ్చుకుని పెట్టుకున్నట్టు ఉంది. మొదట నా అసహ్యమే కళ్ళకి అడ్డం పడుతోందనుకున్నాను. మళ్ళీ చూశాను. జుట్టు పాపిడి. తర్వాత కనుబొమ్మ.

"చిన్నప్పుడు మీ అక్కకి డబ్బా మూత తగిలిందే, అది విసిరినప్పుడు నీకెన్నేళ్ళు?" అని అడిగాను.

అతను నవ్వాడు. "ఆ కథ ఇప్పుడెందుకు బావా. ఐదో ఆరో. పిండి డబ్బా మూత. గాల్లో తిరుగుతూ ఎంత బాగా వెళ్ళిందో. అక్క గుమ్మంలోకి వస్తుందని నాకేం తెలుసు. రక్తం కారుతున్నా అమ్మకి చెప్పలేదు, తలుపు తగిలిందంది."

"ఏ కనుబొమ్మకి తగిలింది?"

అతని చెయ్యి, ఆ తెల్ల తొడుగుతోనే, తన ఎడమ కనుబొమ్మ మీదకి వెళ్ళింది.

"ఇక్కడ చూడు," అన్నాను.

డిప్ప ఎత్తి చూశాడు. ఫ్యాను కింద నుంచి కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాడు. బిళ్ళ మీద ఆ దెబ్బ తాలూకు మచ్చ ఆమె కుడి కనుబొమ్మకి ఉంది. పాపిడి అటుది ఇటు ఉంది. పెట్టెలోంచి ఇంకొకటి తీశాడు, ఇంకొకటి తీశాడు. ఒకే అచ్చు కదా, వేరేగా ఎందుకుంటుంది.

"నేనే తిప్పాను," అన్నాడు.

"ఏమిటి?"

"ఫొటోని. అచ్చు కొట్టే దిమ్మె మీద బొమ్మ తిరగేసి చెక్కాలి బావా, అప్పుడే నాణెం మీద సరిగ్గా పడుతుంది. వర్క్‌షాపులో కొత్త మనిషి ఉన్నాడు, మర్చిపోతాడేమోనని నేనే తిప్పి పంపాను. మన పని మనకి తెలుసు కదా అని. కానీ ఇది రంగు. రంగు దిమ్మెతో వెయ్యరు, నేరుగా ముద్రిస్తారు. అక్షరాలు వాళ్ళు పేర్చారు, బాగానే ఉన్నాయి. బొమ్మ నేను ఎలా ఇచ్చానో అలా వేశారు."

"చూసుకోలేదా?"

"చూశాను. మెరుపు ఎలా ఉందో చూశాను. అంచు చూశాను."

అదీ అతని వ్యాపారం. అంచు చూస్తారు, మెరుపు చూస్తారు. ముఖం చూడరు. మచ్చ పెట్టినవాడే అది ఏ వైపు ఉందో చూసుకోలేదు. ఇదంతా అతనితో అనడానికి నా దగ్గర మాటలు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నీ బాగా కుదిరిన మాటలు. అతను చెప్పుల స్టాండు పక్క బల్ల మీద కూర్చుని, మోకాళ్ళ మీద ఆ తెల్ల చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. ఒక్క మాట మాత్రం అన్నాను.

"రేపు ఇవి పంచుతావా?"

"ఎలా పంచుతాను?" అన్నాడు. "పొద్దున్నే తీసుకెళ్ళి కరిగించేస్తాను. అన్నీ."

నాకు కావలసింది నాకు దక్కింది. అడక్కుండా, అరవకుండా దక్కింది.

కాసేపటికి అతను లేచాడు. "అద్దం ఉందా బావా? అద్దంలో పెట్టి చూస్తే సరిగ్గా కనిపిస్తుంది. వేసిన పాపానికి ఒక్కసారి సరిగ్గా చూసుకుంటాను."

పడగ్గదిలో బీరువా పక్క గోడకి ఆమె అద్దం ఉంది. ఆమె ఎత్తుకి కొట్టిన మేకు అది. నేను గడ్డం గీసుకోవాలంటే వంగాలి. పైకి మారుద్దామని ఎన్నోసార్లు అనుకున్నాం, మార్చలేదు. అద్దం కింద పలక మీద ఆమె దువ్వెన అలాగే ఉంది. దాని పక్క మేకుకి నల్లదారం, దారానికి భూతద్దం. ఆ గదిలోకి నేను తప్ప ఎవరూ వచ్చి నెల దాటింది.

అతనూ వంగాల్సి వచ్చింది. డిప్పని అద్దానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"ఇదిగో," అన్నాడు. "ఇదిగో బావా, అక్క."

నేనూ వంగి చూశాను. అద్దం లోపల, నాణెమంత మేర, ఆమె ఉంది. మచ్చ ఎడమ వైపు, పాపిడి దాని చోట. కిటికీలోంచి పాసు చేతికిస్తూ తలెత్తే ఆమె. గిటారు బిళ్ళని చూసి ఇప్పుడు ఏదో అనబోతున్న ఆమె. మేమిద్దరం నడుములు వంచి చాలాసేపు అలాగే ఉన్నాం. మాస్టారూ, దుకాణదారూ, ఇద్దరూ అద్దంలో తల దూర్చి. ఆమె చూస్తే ఏమనేదో నాకు తెలుసు.

తర్వాత అతను చెయ్యి దించాడు. డిప్ప నా వైపు తిరిగింది. నేనింకా ఆమె అద్దం ముందు, ఆమె ఎత్తులోనే ఉన్నాను. ఆ బిళ్ళ మీద ముఖాన్ని, ఎవరో చెల్లెల్లా ఉన్న ఆ ముఖాన్ని, మళ్ళీ చూశాను.

"మీ అక్క తన ఫొటోలు చూసి ఏమనేది?" అన్నాను.

"ఎవరో నా చెల్లెల్లా ఉంది అనేది. ఎందుకు?"

"తన ముఖం తనకి ఎక్కడ కనిపించేది?"

అతను నా వంక చూశాడు. అద్దం వంక చూశాడు. బిళ్ళ వంక చూశాడు. అతనికి కొంచెం సేపు పట్టింది. నాకు ఇన్నేళ్ళు పట్టింది కాబట్టి తొందర పెట్టలేదు.

రోజూ పొద్దున ఈ పలక ముందు నిలబడి దువ్వుకుంటూ ఆమె చూసుకున్న ముఖం ఇదే. మచ్చ ఇటు, పాపిడి ఇటు. మేమెవరం ఎరగం. ఆమె భుజం మీదుగా అద్దంలో నేను అప్పుడప్పుడు చూసి ఉంటాను, కానీ అప్పుడు నేను చూసుకున్నది నా కాలరు. ఫొటోలన్నీ మాకు తెలిసిన మనిషివి. నేనెలా ఉంటానో నాకు తెలియదా అంటే మురిపెం అనుకున్నాం. ఆమె ఉన్నమాట చెప్పింది. ఉన్న కాసిని ఫొటోల్లో ఆమె చేతికి తీసుకుని, "ఆ, ఇది నేనే," అని ఉండేది ఈ ఒక్కటే. అదీ వచ్చి వచ్చి ఒక బిళ్ళ మీద పడింది. నా బావమరిది అతితెలివి వల్ల పడింది.

"అంటే బావా," అన్నాడు అతను, గొంతు మారిపోయింది, "ఇది తప్పు కాదన్నమాట. కాదు, తప్పే, కానీ ఎలాంటి తప్పు. ఇలా తిరగబడ్డ రంగు అచ్చు ఎక్కడా ఉండదు. సంఘంలో వీళ్ళకి తెలిస్తే, తప్పు అచ్చు అంటే ఒక్కొక్కడూ ఎంతకైనా..."

అతని వైపు చూశానంతే.

"అలవాటు," అన్నాడు. తల దించుకున్నాడు. "నోటికి అలవాటు బావా."

"ఒకటి నాకు కావాలి," అన్నాను.

"ఒకటో నంబరు నీదే అన్నాను కదా. తీసుకో."

"ఊరికే వద్దు. డబ్బాలో పెట్టాలి."

అతనికి డబ్బా రూలు తెలుసు. ఎన్నిసార్లు ఆ రూలు పేరుతో తిట్లు తిన్నాడో. అయినా నమ్మకం కుదరక అడిగాడు. "అక్క డబ్బాలోనా? ఇదా?"

"దీంతో ఏదైనా కొంటే పడుతుంది. లేకపోతే లేదు."

"ఏం కొనను?"

"నీ ఇష్టం. ఈ ఇంట్లో ఏది కావాలి నీకు?"

గదంతా చూశాడు. చూడాల్సిన పని లేదు, కళ్ళు మొదటే మేకు మీదకి వెళ్ళి తిరిగొచ్చాయి. నల్లదారం వైపు వేలు చూపించాడు, చిన్నపిల్లాడిలా, ముట్టుకోకుండా.

"అదెంత?" అన్నాడు.

"నీ నాణెం వెనకాల ఏమని ఉంది?"

తిప్పి చూశాడు. తనే వేయించిన అంకెని కొత్తగా చదివాడు. "ఒకటి."

"ఒకటే."

అతను చేతొడుగులు విప్పాడు. ఒక్కొక్క వేలూ లాగి విప్పి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. డిప్పని రెండు చేతులా పట్టుకుని మెలితిప్పాడు. అది అంత సులువుగా రాలేదు. తెరుచుకోవడానికి చేసినవి కావు కదా అవి. చివరికి టక్కుమని విడింది. అతను బొటనవేలితో నాణేన్ని బయటికి నెట్టాడు, మామూలు మనుషులు జేబులోంచి చిల్లర తీసినట్టు. ఆమె చెంప పక్కన మెరిసే వెండి మీద అతని వేలి గీతలు తేమగా పడ్డాయి. అది చూసి అతని మొహం ముడుచుకుంది. ఇంకెప్పుడైనా అయితే అక్కడే గుడ్డ తీసేవాడు. తియ్యలేదు. నా అరచేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది.

నేను మేకు మీద నుంచి భూతద్దం తీసి ఇచ్చాను. అతను మెడలో వేసుకోలేదు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అట్టపెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కూడా కప్పు కడిగాడు.

నేను వేలిముద్ర తుడవలేదు. నాణేన్ని డబ్బాలో చిల్లు పడ్డదానికీ పట్టాల మీద సాగినదానికీ మధ్య వేశాను. వాటి పక్కన సిగ్గులేకుండా మెరిసింది. కొన్నాళ్ళు అలాగే మెరుస్తుంది, తర్వాత ఆ వేలి చోటు నుంచి నల్లబడటం మొదలవుతుంది.

మర్నాడు సభకి వెళ్ళాను. క్లినిక్ మీద గది, మడత కుర్చీలు, కిటికీ పక్క ఆమె ఫొటో. మాకు తెలిసిన ఆమె. డిపోలో ఆమెతో పనిచేసిన ఇద్దరు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నేను మాట్లాడాను. ఎక్కువసేపు మాట్లాడలేదు. సంఘంవాళ్ళు మర్యాదగానే విన్నారు, మధ్యలో ఒకరిద్దరు గడియారం చూసుకున్నారు. పాత నాణెం మీద వెంట్రుకంత గీతని గంటసేపు చూడగలవాళ్ళు.

టీలు తాగుతున్నప్పుడు డాక్టరు గారు నా బావమరిదిని పిలిచారు. "ఏమయ్యా తళుకూ, తలా ఒకటి అన్నావు. ఏవీ?"

"కరిగించేశాను. పొద్దున్నే దగ్గరుండి కరిగించాను. బొమ్మ తప్పు పడింది డాక్టరు గారూ."

అంతసేపూ ఆమె గురించి చెబితే కదలని మెడలు ఒక్కసారిగా ఇటు తిరిగాయి.

"తప్పు పడిందా? ఎలాంటి తప్పు?"

"కరిగించావా? మతిపోయిందా నీకు?"

"మొత్తం లాటంతా తప్పేనా? ఒక్కటైనా మిగిలుంటుంది. చూపించు, ఊరికే చూసిస్తాం."

"నాకిచ్చెయ్యి. రేటు నువ్వే చెప్పు."

కప్పులు పట్టుకుని చుట్టూ చేరారు. రంగు బిళ్ళంటే మూతి విరిచేవాళ్ళే వాళ్ళలో చాలామంది. తప్పు అనగానే అదే బిళ్ళకి విలువ వచ్చేసింది. ఎవరి ముఖం అని ఒక్కరూ అడగలేదు. నేను కిటికీ దగ్గర నుంచి నా బావమరిదిని చూస్తున్నాను. అతను ఒక్కొక్కరి వంకా చూశాడు. వీళ్ళ కళ్ళల్లో ఈ ఆకలి కోసమే అతను ఇన్నేళ్ళు మఖమలు పరిచాడు, బల్బులు వెలిగించాడు.

"ఒకటి ఉండేది," అన్నాడు.

"ఏదీ?"

"ఖర్చైపోయింది."

ఎవరో నవ్వారు. డాక్టరు గారు నవ్వలేదు. "ఖర్చా? నువ్వా? నాణెం ఖర్చుపెట్టావా?"

అతను చొక్కా జేబులోంచి భూతద్దం తీసి, నల్లదారం చిక్కు విడదీసి, అరచేతిలో పెట్టి చూపించాడు. వాళ్ళలో సగంమందికి అది ఎవరిదో తెలుసు. తర్వాత ఒకాయన, "దీనికి అంత పెట్టావా," అన్నాడు.

"దాని మీద ఎంతుందో అంతే పెట్టాను," అన్నాడు నా బావమరిది. భూతద్దం జేబులో వేసుకుని కుర్చీలు మడవడానికి వెళ్ళాడు. రెండో వరస నేను మడిచాను.